వార్షిక ఉల్కాపాతాన్ని రాడార్‌తో అధ్యయనం చేయడం ఎలా: తయారీ నుంచి ఫలితం దాకా

"రిసీవర్ పెట్టుకున్నాం, రాత్రంతా ప్రతిధ్వనులు లెక్కించాం, కానీ ఈ అంకెల్లో ఉల్కాపాతం వాటా ఎంత, మామూలు ఉల్కల వాటా ఎంత?" అనే ప్రశ్న పాఠకుల నుంచి పదేపదే వస్తోంది. ఈ అధ్యయనంలో అసలు పనంతా ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడమే.

రాడార్‌కు అందే ప్రతిధ్వనుల సంఖ్యను మూడు విషయాలు నిర్ణయిస్తాయి. ఆకాశంలో నిజంగా ఎన్ని ఉల్కలు రాలుతున్నాయన్నది మొదటిది. వాటిలో ఎన్ని రాడార్‌కు అనువైన కోణంలో పడుతున్నాయన్నది రెండోది. అలా పడినవాటిలో ఎన్నింటిని మన పరికరం పట్టుకోగలుగుతోందన్నది మూడోది. మనకు కావలసింది మొదటిది, కొలతలో దొరికేది మూడూ కలిసిన మొత్తం. కాబట్టి మిగిలిన రెండింటి ప్రభావాన్ని వేరు చేసి తీసేయాలి. ఇక్కడ ప్రధానంగా జెమినిడ్ ఉల్కాపాతాన్ని ఉదాహరణగా తీసుకున్నా, వరుస అన్నింటికీ ఒకటే.

## 1. ముందుగా జ్యామితి అర్థం చేసుకోండి

ఉల్క వాతావరణంలోకి దూసుకొచ్చినప్పుడు సుమారు 70 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తులో, ఎక్కువగా 90 కిలోమీటర్ల దగ్గర, ఎలక్ట్రాన్లతో నిండిన సన్నని జాడను వదులుతుంది. ఆ జాడ రేడియో తరంగాలకు పొడవాటి అద్దం లాంటిది. ప్రసారమూ స్వీకరణా ఒకేచోట ఉన్న రాడార్‌కు, చూపు రేఖ జాడకు లంబంగా ఉంటేనే ప్రతిధ్వని తిరిగొస్తుంది.

ఒక ఉల్కాపాతానికి చెందిన ఉల్కలు దాదాపు సమాంతరంగా వస్తాయి కాబట్టి, అవన్నీ ఆకాశంలో ఒకే బిందువు నుంచి వెలువడుతున్నట్టు కనిపిస్తాయి. ఆ బిందువే రేడియంట్. లంబ నియమం ప్రకారం ఆ ఉల్కల ప్రతిధ్వనులు రేడియంట్‌కు సరిగ్గా 90 డిగ్రీల దూరంలో ఉన్న మహావృత్తం (ఆకాశాన్ని రెండు సమభాగాలుగా కోసే వృత్తం) మీదే కనిపించాలి.

దీని నుంచి మూడు సంగతులు తేలుతాయి:

- రేడియంట్ దిఙ్మండలం (నేలా ఆకాశమూ కలిసినట్టు కనిపించే గీత) కింద ఉన్నంతసేపు ఆ ఉల్కాపాతం ప్రతిధ్వనులు రావు.
- రేడియంట్ నడినెత్తిన ఉన్నప్పుడు జాడలు నిట్టనిలువుగా ఉంటాయి, ప్రతిధ్వనులు రావలసిన దిశ దిఙ్మండలానికి చేరుతుంది, సంఖ్య పడిపోతుంది.
- ఉల్కాపాతం తీవ్రత మారకపోయినా గంటగంటకూ లెక్క మారుతుంది.

రెండో సంగతి కంటితో చూసేవారి అనుభవానికి పూర్తిగా విరుద్ధం. కంటి పరిశీలనలో రేడియంట్ ఎంత పైకెక్కితే అన్ని ఎక్కువ ఉల్కలు కనిపిస్తాయి. జెమినిడ్ రేడియంట్ స్థానిక సౌర సమయం తెల్లవారుజాము 2 గంటల ప్రాంతంలో అత్యంత ఎత్తుకు చేరుతుంది. 33 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అది దాదాపు నడినెత్తిన ఉంటుంది, సరిగ్గా అప్పుడే రాడార్ గ్రాఫులో లోయ ఏర్పడుతుంది. ఆ లోయను చూసి ఉల్కాపాతం తగ్గిందని రాసేస్తే తప్పు.

## 2. ఉల్కాపాతాన్ని ఎంచుకోండి

మొదటి ప్రయత్నానికి రేడియంట్ మీ అక్షాంశంలో చాలా గంటలు పైన ఉండేది, గరిష్ఠ దశ ఒక రోజుకు తగ్గకుండా సాగేది కావాలి. ముఖ్యమైన కొన్నింటికి గరిష్ఠ దశ నాటి సౌర రేఖాంశం (భూమి తన కక్ష్యలో ఎక్కడ ఉందో డిగ్రీల్లో చెప్పే కొలత), సుమారు వేగం ఇవి:

- క్వాడ్రాంటిడ్: 283.15 డిగ్రీలు, సెకనుకు 41 కిలోమీటర్లు
- ఈటా అక్వేరిడ్: 45.5 డిగ్రీలు, 66 కిలోమీటర్లు
- పెర్సీడ్: 140.0 డిగ్రీలు, 59 కిలోమీటర్లు
- జెమినిడ్: 262.2 డిగ్రీలు, 35 కిలోమీటర్లు

తేదీల బదులు సౌర రేఖాంశం ఇవ్వడానికి కారణం ఉంది. భూమి తన కక్ష్యలో అదే చోటికి చేరే క్షణం క్యాలెండర్ ప్రకారం ఏటా దాదాపు 6 గంటలు జరుగుతుంది, లీపు సంవత్సరం వచ్చినప్పుడు వెనక్కి సర్దుకుంటుంది. రెండు సంవత్సరాల కొలతలను పోల్చాలంటే సౌర రేఖాంశమే సరైన కొలబద్ద. అది రోజుకు దాదాపు 1 డిగ్రీ, గంటకు 0.04 డిగ్రీ చొప్పున పెరుగుతుంది. సౌర రేఖాంశాన్ని కొలిచే మొదటి బిందువుగా 2000.0 విషువత్తును (2000 సంవత్సరం మొదట్లో ఉన్న విషువత్తు స్థానాన్ని) తీసుకున్న విలువలనే మొదటి నుంచి చివరిదాకా వాడండి.

జెమినిడ్‌లు మొదలుపెట్టడానికి చాలా అనుకూలం. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ఈ రేణువుల గరిష్ఠ దశ డిసెంబరు 13, 14 తేదీల్లో వస్తుంది, ఉత్తరార్ధగోళంలో రేడియంట్ రాత్రంతా పైనే ఉంటుంది. క్వాడ్రాంటిడ్‌ల గరిష్ఠ దశ కొన్ని గంటలే కాబట్టి ఆ సమయానికి రేడియంట్ మీకు కిందికి దిగి ఉంటే ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే.

అనుభవం వచ్చాక జూన్ మొదటి వారాల్లో వచ్చే పగటి ఏరియెటిడ్‌లను తప్పకుండా ప్రయత్నించండి. వాటి రేడియంట్ సూర్యుడికి దగ్గరగా ఉంటుంది కాబట్టి కంటితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం, రాడార్‌కు మాత్రం పగలూ రాత్రీ ఒకటే. ఈ పద్ధతి విలువ అక్కడ తెలుస్తుంది.

## 3. ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోండి

మొదటి దారి, ఉల్కా రాడార్ నమోదు చేసిన డేటా సంపాదించడం. కెనడాలోని ఉల్కా కక్ష్యా రాడార్ 17.45, 29.85, 38.15 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పనిచేస్తుంది. ఆకాశమంతటినీ చూసే ఇంటర్‌ఫెరోమీటర్ రాడార్లు (కొన్ని యాంటెన్నాలకు అందిన సంకేతాలను పోల్చి దిశ కనిపెట్టేవి) ప్రతి ప్రతిధ్వనికీ సమయం, దూరం, దిగంశం (ఉత్తరం నుంచి తూర్పుగా కొలిచే కోణం), ఉన్నతాంశం (దిఙ్మండలం నుంచి పైకి కొలిచే కోణం), క్షీణించే కాలం ఇస్తాయి. దిశ తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

రెండో దారి, దూరంలోని ప్రసార కేంద్రం పంపే తరంగాలు ఉల్కా జాడల మీద పడి మీ దగ్గరికి చేరినప్పుడు వాటిని వినడం. ఐరోపాలో చాలామంది ఫ్రాన్స్‌లోని గ్రేవ్స్ రాడార్ 143.05 మెగాహెర్ట్జ్ సంకేతాన్నీ, బెల్జియంలోని బ్రామ్స్ వ్యవస్థ 49.97 మెగాహెర్ట్జ్ సంకేతాన్నీ వాడతారు. ఖర్చు తక్కువ, కానీ ఒక్క రిసీవర్‌తో దిశ తెలియదు. సొంతంగా ప్రసారం చేయాలంటే లైసెన్స్ తప్పనిసరి కాబట్టి ఆ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

## 4. రిసీవర్ అమర్చండి

మొదటి దారి ఎంచుకున్నవారు ఈ భాగం వదిలి 5కు వెళ్లవచ్చు.

ప్రసార కేంద్రం దిఙ్మండలం అవతల, సుమారు 500 నుంచి 2000 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. దాని సంకేతం మీకు నేరుగా వినిపించకూడదు, ఆగకుండా ప్రసారమవుతూ ఉండాలి, వీలైతే మాటా పాటా లేని ఒంటి స్వరమై ఉండాలి.

యాంటెన్నా విషయంలో ఆశ ఎక్కువైతే నష్టం. చాలా ఎలిమెంట్లున్న (అడ్డకడ్డీలున్న) యాగీ యాంటెన్నా సంకేతాన్ని పెంచినా చూసే ఆకాశాన్ని కుదించేస్తుంది, పైగా మంచి ప్రతిధ్వనులు ప్రసార కేంద్రాన్నీ మీ రిసీవర్‌నూ కలిపే గీతకు అటూ ఇటూ ఉన్న ప్రాంతాల నుంచి వస్తాయి. మూడు, నాలుగు ఎలిమెంట్ల యాగీ చాలు. ఉన్నతాంశం ఇలా లెక్కించండి: కేంద్రం 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే మధ్య బిందువు 500 కిలోమీటర్లు. అక్కడ 100 కిలోమీటర్ల ఎత్తులోని జాడ, భూమి వంపు వల్ల 20 కిలోమీటర్లు తగ్గి, మీకు సుమారు 9 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. కేంద్రం 600 కిలోమీటర్లలోనే ఉంటే అది సుమారు 17 డిగ్రీలు.

రిసీవర్‌గా ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ రకం డాంగిల్ (కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే చిన్న రేడియో) సరిపోతుంది. అప్పర్ సైడ్‌బ్యాండ్ (ట్యూన్ చేసిన చోటికి పైనున్న పౌనఃపున్యాలను వినిపించే) పద్ధతిలో, ప్రసార పౌనఃపున్యానికి 1 కిలోహెర్ట్జ్ కింద ట్యూన్ చేయండి. గ్రేవ్స్ అయితే 143.049 మెగాహెర్ట్జ్. అప్పుడు ప్రతిధ్వనులు 1000 హెర్ట్జ్ స్వరానికి దగ్గరగా వినిపిస్తాయి. స్పెక్ట్రమ్ ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషణ కిటికీని (ఒక్కోసారి విశ్లేషించే ముక్క నిడివిని) 0.1 సెకనుకు పెడితే విభేదన, అంటే విడిగా గుర్తించగల పౌనఃపున్యాల తేడా, 10 హెర్ట్జ్ వస్తుంది, పొట్టి ప్రతిధ్వనులు చెరిగిపోవు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- ఆటోమేటిక్ గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదును తనంతట తాను మార్చే సదుపాయం) ఆపేశారా? గెయిన్ స్థిరంగా ఉందా?
- కంప్యూటర్ గడియారం ఇంటర్నెట్ సమయంతో సరిపోతోందా? నమోదు మొత్తం యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఉందా?
- ముడి ఆడియో దాస్తున్నారా? సెకనుకు 6000 నమూనాలు, 16 బిట్ల చొప్పున రోజుకు సుమారు 1 గిగాబైట్ పడుతుంది.
- కరెంటు పోతే కంప్యూటర్ తనంతట తాను మళ్లీ నమోదు మొదలుపెడుతుందా?

ముడి డేటా దాచడాన్ని తేలిగ్గా తీసుకోకండి. గంటకు ఇన్ని అన్న అంకెలే మిగిలితే, తర్వాత గుర్తింపు హద్దు (ప్రతిధ్వనిగా లెక్కించడానికి పెట్టుకున్న కనీస బలం) తప్పని తేలినా దిద్దుకునే వీలుండదు.

## 5. నేపథ్యాన్ని ముందే కొలవండి

చాలామంది గరిష్ఠ దశ రాత్రే రిసీవర్ ఆన్ చేస్తారు. ఈ అధ్యయనాన్ని నిలువునా పాడుచేసేది అదే. ఏ ఉల్కాపాతానికీ చెందని చెదురుమదురు ఉల్కలు ఏడాది పొడవునా పడుతూనే ఉంటాయి. భూమి ముందుకు సాగే వైపు తెల్లవారుజామున మనకు ఎదురుగా ఉంటుంది కాబట్టి అవి ఉదయం 6 గంటల ప్రాంతంలో అత్యధికంగా, సాయంత్రం 6 ప్రాంతంలో అత్యల్పంగా ఉంటాయి. ఈ రోజువారీ ఆటుపోటు తెలియకుండా చూస్తే ప్రతి ఉదయమూ ఉల్కాపాతమే అనిపిస్తుంది.

ఉల్కాపాతం మొదలవకముందు కనీసం వారం, ముగిశాక మరో నాలుగైదు రోజులు, రోజంతా ఆపకుండా నమోదు చేయండి. జెమినిడ్‌లు డిసెంబరు మొదటి వారం నుంచే పలుచగా మొదలవుతాయి కాబట్టి నవంబరు చివరి వారం నేపథ్యానికి మంచిది. ఈ కాలంలో ఏ అమరికా మార్చకండి.

ఈ రోజుల్లోనే శబ్దస్థాయిని కూడా గమనించండి. 30 నుంచి 50 మెగాహెర్ట్జ్‌ల దగ్గర శబ్దంలో పెద్ద వాటా పాలపుంత నుంచి వచ్చేదే. అది నక్షత్రాల గమనంతో కొలిచే నక్షత్ర కాలం ప్రకారం, అంటే రోజుకు 4 నిమిషాలు ముందుకు జరుగుతూ, పెరిగి తగ్గుతుంది. ఆ లయ కనిపిస్తే రిసీవర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక రోజు అదే నక్షత్ర కాలంలో శబ్దం ఉన్నట్టుండి మారితే, కేబుల్ కనెక్టర్‌లోకి నీరు చేరిందేమో, పక్కన కొత్త విద్యుత్ పరికరం ఏదైనా వచ్చిందేమో వెతకండి.

## 6. గరిష్ఠ దశ రోజుల్లో ఏం చేయాలి

సాధ్యమైనంతవరకు ఏమీ చేయకూడదు. దూరం నుంచి తెర చూసి నమోదు సాగుతోందని నిర్ధారించుకుంటే చాలు. పిడుగులు, ప్రసారానికి అంతరాయం, కరెంటు పోవడం లాంటివి సమయంతో సహా చిట్టాలో రాయండి. మబ్బులూ వెన్నెలా మీ పనికి అడ్డం కావు.

## 7. ప్రతిధ్వనులను వడకట్టండి

స్పెక్ట్రోగ్రామ్‌లో (కాలంతో పాటు పౌనఃపున్యాలను చూపే చిత్రంలో) ఉల్క చటుక్కున మొదలై క్షీణిస్తుంది. తక్కినవాటిని రూపం బట్టి గుర్తించవచ్చు:

- పిడుగు: పౌనఃపున్యాలన్నింటి మీదా ఒకేసారి పడే సన్నని గీత.
- విమానం: నిమిషాల తరబడి మెల్లగా వంగుతూ సాగే గీత.
- స్పొరాడిక్-ఈ పొర (పై వాతావరణంలో అప్పుడప్పుడు ఏర్పడి రేడియో తరంగాలను వెనక్కి పంపే పొర): గంటల తరబడి వదలకుండా వినిపించే సంకేతం. ఆ గంటలను పూర్తిగా తొలగించండి, సర్దుబాటు చేయబోకండి.

తర్వాత ప్రతిధ్వనులను రెండు రకాలుగా విడదీయండి. పలుచని జాడల నుంచి వచ్చేవి క్షణంలో ఎగసి ఘాతీయంగా తగ్గిపోతాయి. ఆ క్షీణించే కాలం తరంగదైర్ఘ్యపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది, అంటే తరంగదైర్ఘ్యం సగమైతే కాలం నాలుగో వంతు అవుతుంది. దట్టమైన జాడల నుంచి వచ్చేవి సెకన్ల తరబడి నిలుస్తాయి, పైగాలుల వల్ల మెలికలు తిరిగి మినుకుమినుకుమంటాయి. మీటరు పొడవుకు ఎలక్ట్రాన్లు దాదాపు 240 లక్షల కోట్లు ఉన్నచోట ఈ రెండింటికీ హద్దు.

దట్టమైన జాడ మినుకుమన్నప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని ఐదారు ఉల్కలుగా లెక్కించే ప్రమాదం ఉంది. అదే పౌనఃపున్యం దగ్గర ఒకటి రెండు సెకన్ల విరామంలో వచ్చినవాటిని ఒకటిగా కలపండి. గరిష్ఠ దశలో పొడవాటి ప్రతిధ్వని నడుస్తుండగా దాని కింద పడిన పొట్టివి కనిపించవు. గంటలో 20 శాతం సమయం అలా నిండిపోయి ఉంటే పొట్టి ప్రతిధ్వనుల లెక్కను 0.8తో భాగించండి.

రాడార్ డేటా వాడేవారు దూరం విషయంలో జాగ్రత్తపడాలి. సెకనుకు 1500 స్పందనలు (పల్సులు) పంపే రాడార్ 100 కిలోమీటర్ల దాకానే దూరాన్ని నిస్సందేహంగా చెప్పగలదు. 130 కిలోమీటర్ల దగ్గరిది 30 అని కూడా కనిపిస్తుంది. ఉన్నతాంశంతో కలిపి ఎత్తు లెక్కించి, 70 నుంచి 110 కిలోమీటర్ల మధ్య పడే జవాబునే ఉంచండి. రెండు జవాబులు ఆ పరిధిలో పడితే ఆ ప్రతిధ్వనిని వదిలేయండి.

## 8. ఉల్కాపాతాన్ని వేరు చేయండి

దిశ తెలిసినప్పుడు. ప్రతిధ్వని దిశనూ, ఆ క్షణంలో రేడియంట్ దిశనూ మూడు అంకెలుగా మార్చండి. తూర్పు అంశ: ఉన్నతాంశపు కొసైన్‌ను దిగంశపు సైన్‌తో గుణించగా వచ్చేది. ఉత్తర అంశ: ఉన్నతాంశపు కొసైన్‌ను దిగంశపు కొసైన్‌తో గుణించగా వచ్చేది. ఊర్ధ్వ అంశ: ఉన్నతాంశపు సైన్. రెండు దిశల అంశలను జతలుగా గుణించి కూడితే వచ్చేది వాటి మధ్య కోణపు కొసైన్. అది సున్నాకు దగ్గరగా ఉండాలి.

ఉదాహరణకు రేడియంట్ తూర్పున 40 డిగ్రీల ఎత్తులో ఉందనుకోండి: 0.766, 0, 0.643. ప్రతిధ్వని పడమరన 50 డిగ్రీల ఎత్తులో వచ్చింది: మైనస్ 0.643, 0, 0.766. మొత్తం సున్నా, కోణం సరిగ్గా 90, ఇది ఆ ఉల్కాపాతానిది కావచ్చు. అదే ఎత్తులో దిగంశం 300 డిగ్రీలైతే మొత్తం 0.066, కోణం 86.2 డిగ్రీలు. 3 డిగ్రీల హద్దు పెట్టుకుంటే ఇది బయట పడుతుంది.

"కావచ్చు" అన్న మాట ముఖ్యం. ఆ పట్టీలో చెదురుమదురు ఉల్కలు కూడా యాదృచ్ఛికంగా పడతాయి. కాబట్టి ఇదే పరీక్షను ఉల్కాపాతం లేని రోజుల డేటా మీద, అదే నక్షత్ర కాలానికి, అదే రేడియంట్‌తో చేసి, వచ్చిన సంఖ్యను తీసేయండి. వేగం కూడా తెలిస్తే వడపోత ఇంకా బిగుతవుతుంది. వాతావరణం వేగాన్ని తగ్గిస్తుంది కాబట్టి కొలిచిన విలువ కాస్త తక్కువ వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దిశ తెలియనప్పుడు. ఒక రోజులోని వేర్వేరు గంటలను పోల్చకండి, వేర్వేరు రోజుల్లోని ఒకే గంటను పోల్చండి. అదే నక్షత్ర కాలానికి రేడియంట్ దాదాపు అదే చోట ఉంటుంది కాబట్టి జ్యామితి ప్రభావం చాలావరకు రద్దవుతుంది. ఒక్క రిసీవరే ఉన్నవారికి ఇంతకంటే నమ్మదగిన పద్ధతి లేదు. 10 రోజుల దూరంలో ఉన్న రోజులను పోల్చేటప్పుడు 40 నిమిషాల తేడాను సర్దుకోవడం మరవకండి.

దోషాన్ని కూడా రాయాలి. ఊహకు, ఆ గంటలో 84 ప్రతిధ్వనులు వచ్చాయి, 8 నేపథ్య రోజుల సగటు 49. తేడా 35. దోషం, 84కు 49లో ఎనిమిదో వంతు కలిపి తీసిన వర్గమూలం, అంటే 9.5. ఫలితం 35, అటూ ఇటూ 9.5. ఈ దోషం రాయకపోతే గంటగంటకూ కనిపించే ఎగుడుదిగుళ్లకు లేని అర్థాలు పుట్టుకొస్తాయి.

## 9. రేణువుల పరిమాణం గురించి తెలుసుకోండి

పలుచని జాడల ప్రతిధ్వనులను తీసుకుని, ఒక్కో తీవ్రతకు మించినవి ఎన్ని ఉన్నాయో రెండు అక్షాలూ లాగరిథమ్‌లో ఉన్న గ్రాఫుగా గీయండి. సరళరేఖగా ఉన్న భాగం వాలు పరిమాణానికి 1 కలిపితే ద్రవ్యరాశి సూచిక వస్తుంది. చెదురుమదురు ఉల్కలకు అది 2 దగ్గర లేదా అంతకు మించి ఉంటుంది, పెద్ద ఉల్కాపాతాల గరిష్ఠ దశలో 2 కంటే తగ్గుతుంది, అంటే పెద్ద రేణువుల వాటా పెరిగిందని అర్థం. గుర్తింపు హద్దుకు దగ్గరున్న బలహీన ప్రతిధ్వనులను గ్రాఫు నుంచి తీసేయండి, అక్కడ రేఖ వంగిపోతుంది.

ఇందువల్లే అన్ని ప్రతిధ్వనుల గ్రాఫుతో పాటు, సెకను దాటినవాటి గ్రాఫు కూడా విడిగా గీయాలి. ఉల్కాపాతం రెండోదానిలో మరింత స్పష్టంగా లేచి నిలుస్తుంది. జెమినిడ్‌లలో చిన్న రేణువుల గరిష్ఠ దశ పెద్దవాటి కంటే ముందు వస్తుంది కాబట్టి, రెండు గ్రాఫుల శిఖరాలు ఒకేచోట లేకపోవడం లోపం కాదు, కొలవదగిన విషయం.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

రాడార్ లెక్కను కంటి పరిశీలకుల గంట రేటుతో సమానం చేయడం. రెండూ వేర్వేరు పరిమాణాల రేణువులను చూస్తాయి. రాడార్ ఫలితాన్ని నేపథ్యానికి ఎన్ని రెట్లో చెప్పండి.

రెండు ఉల్కాపాతాలను నేరుగా పోల్చడం. వేగం పెరిగితే అయనీకరణ (జాడలో ఎలక్ట్రాన్లు విడివడడం) ఎన్నో రెట్లు పెరుగుతుంది, కాబట్టి అదే ద్రవ్యరాశి గల పెర్సీడ్ జెమినిడ్ కంటే సులభంగా దొరుకుతుంది. మరోవైపు బాగా వేగంగా వచ్చేవి ఎక్కువ ఎత్తులో జాడ వదులుతాయి, అక్కడ జాడ పుట్టుకతోనే వెడల్పుగా ఉండి హెచ్చు పౌనఃపున్యాల్లో ప్రతిధ్వని ఇవ్వదు. ఈ రెండు సవరణలూ చేయలేనప్పుడు, ఒకే ఉల్కాపాతాన్ని ఏటేటా పోల్చడమే సబబు.

మధ్యలో గుర్తింపు హద్దు మార్చడం. ముడి ఆడియో ఉంటే మొత్తం డేటాను ఒకే హద్దుతో మళ్లీ విశ్లేషించండి. లేకపోతే మార్పుకు ముందు, తర్వాత భాగాలను కలపకండి.

ప్రసారం ఆగిన గంటలను సున్నాగా రాయడం. వాటిని ఖాళీగా వదలాలి. సున్నా అంటే వినీ ఏమీ రాలేదని, ఖాళీ అంటే వినలేదని.

## 11. ఫలితాన్ని పంచుకునే ముందు

గ్రాఫు అడ్డం అక్షం మీద సౌర రేఖాంశం ఉండాలి. దాంతోపాటు ఇవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి:

- రిసీవర్ అక్షాంశ రేఖాంశాలు, ప్రసార కేంద్రం, పౌనఃపున్యం
- యాంటెన్నా రకం, దిశ, ఉన్నతాంశం
- గుర్తింపు హద్దు, ప్రతిధ్వనులను కలిపిన విరామం
- నేపథ్యంగా తీసుకున్న తేదీలు
- తొలగించిన గంటలు, కారణాలు
- ప్రతి బిందువుకూ దోషం
- అంతర్జాతీయ ఖగోళ సమితి ఉల్కాపాతానికి ఇచ్చిన సంఖ్య, సంకేతం. జెమినిడ్‌లకు 4, జీఈఎమ్

ముడి లెక్కలు, నేపథ్యం తీసేసిన లెక్కలు, రెండూ ఇవ్వండి. మీ సవరణ మరొకరికి నచ్చకపోతే, ముడి లెక్క నుంచి తమ పద్ధతిలో మళ్లీ చేసుకునే వీలు వారికి ఉంటుంది.